ఒగున్‌కి మూడు మీటలు

మే 7, శనివారం

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఇబిదున్ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేనేమీ రోజులు లెక్కపెట్టడం లేదు. క్యాలెండరు పొయ్యికి ఎదురుగా ఉంది, కూర కలిపేటప్పుడు మనిషన్నాక ఎటో ఒకవైపు చూడాలి కదా.

ఒకే బడిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాం. గోడకి అవతల ఆవిడ సంగీతం చెప్పేది, ఇవతల నేను మా యొరుబా భాష చెప్పేదాన్ని. ఆవిడ పియానో వల్ల నా వ్యాకరణం పాడైందని నేను, నా అరుపుల వల్ల తన పియానో శ్రుతి తప్పిందని ఆవిడ, హెడ్మిస్ట్రెస్ దగ్గర ఎన్ని పితూరీలు చెప్పుకున్నామో. అయినా ఇన్నాళ్ళు మాట్లాడకుండా ఉన్నది లేదు. ఆవిడ ఆయన పోతే అబెయోకుటా వెళ్ళి, పాతిపెట్టేదాకా పక్కనే నిలబడి వచ్చాను. వచ్చిన పదో రోజున ఒక మెసేజ్ పెట్టాను. దానికి జవాబు లేదు. ఫోను చేస్తే ఎత్తదు.

దుఃఖంలో ఉంది, సరే. దుఃఖంలో ఉన్నవాళ్ళకి బొటనవేళ్ళు ఉండవా?

ఇక ఇంట్లో సంగతి. కారు అమ్మేశాక ఖాళీగా ఉన్న కారు గదిని మనవరాలు మొరెనికే, దాని శనివారం స్నేహితులూ ఆక్రమించారు. మా కప్పు మీద సోలారు పలకలు ఉన్నాయి కాబట్టి, కరెంటు వాళ్ళు కరెంటు తీసేసినా వీళ్ళ ఆట ఆగదు. పాత ఫోన్లు విప్పుతారు, వాటిలోకి ఏవో కొత్త ప్రోగ్రాములు ఎక్కిస్తారు, అవి చచ్చిపోతే "చచ్చింది" అని సంబరంగా కేకలు పెడతారు. అందరిలోకీ పెద్దవాడు కొలాపో. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం, యాభై దాటాయి, తల మీద వెంట్రుక లేదు. విప్పడం ఆయన పని, బిగించడం దేవుడి పని. ఇవాళ నాకు సాష్టాంగపడబోయి నడుం పట్టేసింది. లేపడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

"ఇంకోసారి వంగకు నాయనా, దండం నోటితో చెప్పు చాలు," అన్నాను.

"మీ ముందు వంగకపోతే మా అమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది టీచరమ్మా," అన్నాడు నేల మీద నుంచే.

నా ఎంబ్రాయిడరీ టేబుల్ గుడ్డ మీద టంకం పోశారు. అది రాసుకోవాలని ఈ డైరీ తీశాను. ఇబిదున్ కోసం కాదు.

మే 10

లేదు.

మే 12, గురువారం

అదున్ని ఫోను చేసింది. ఇబిదున్ కూతురు. దాని గొంతు వినగానే పొయ్యి ఆపేశాను, ఏం వినాలో అని.

"ఆంటీ, మీరు అమ్మకి ఎందుకలా రాశారు?"

"ఎలా రాశానే?"

"'నీ ఒగున్ సంగతేమిటి?' అని."

"మరి ఏం రాయాలి? పద్నాలుగేళ్ళుగా మీ అమ్మకి రక్తపోటు. ఏడుస్తూ కూర్చుని మాత్రలు మానేస్తుందని అడిగాను."

"అయ్యో ఆంటీ. అమ్మ దాన్ని ఆస్తి అని చదివింది."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. మా భాషలో ఈ మాట పాపిష్ఠిది. మొదట్లో ఒ రెండుసార్లు రాసి, గొంతు దించుకుంటూ పోతే మందు. ఒకటే రాసి చివర గొంతు ఎత్తితే, పోయినవాళ్ళు వదిలిన ఆస్తి. ఎత్తకుండా దించకుండా చదునుగా అంటే యుద్ధం. అక్షరాల మీద గొంతు గుర్తులు పెట్టి రాస్తే మూడూ మూడు మాటలు. పెట్టకుండా, ఒక ఒ తగ్గించి రాస్తే మూడూ కలిసి ఒకే ముద్ద.

నా మెసేజ్ చేరే సమయానికి మరుదులిద్దరూ దాని ముందు గదిలో టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నారట. మొగుడు పోయి పదిహేను రోజులు కాలేదు. అప్పుడు ఫోను గంట కొట్టింది. తెరిచి చూస్తే ప్రాణస్నేహితురాలు: నీ ఆస్తి సంగతేమిటి?

"ఫోను ఒక ఒ మింగేసిందని చెప్పవే మీ అమ్మకి," అన్నాను. "ఈ ఫోన్లకి మన భాష రాదు. వాటి ఇష్టమొచ్చినట్టు దిద్దేస్తాయి."

చెబుతానంది.

మే 13

చెప్పిందట. ఇబిదున్ నా పేరు పెట్టి అన్న జవాబు, అదున్ని మాటల్లోనే:

"'ఫెహింతోలా గుర్తుల దగ్గర తప్పు చేసే మనిషి కాదు. నా పెళ్ళి శుభలేఖలో మూడు తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది నా చేతికే ఇచ్చింది. ఆవిడ ఏది రాసిందో అదే ఆవిడ ఉద్దేశం' అంది ఆంటీ."

శుభలేఖలో తప్పులు మూడు కాదు, నాలుగు.

మే 14, శనివారం

కారు గదిలోకి వెళ్ళి ఫోను బల్ల మీద పడేశాను. "ఇది హంతకి. దీన్ని ఏం చేస్తారో చెయ్యండి," అన్నాను.

జరిగింది చెబితే అందరూ ఒక్కసారి మూలిగారు. ఆ మూలుగులో సానుభూతి కంటే అనుభవం ఎక్కువ. ఒకడు పెళ్ళాం కాబోయే పిల్లకి 'నీ మొగుణ్ణి' అనడానికి బదులు 'నీ పారని' అని పంపాడట; మా భాషలో మొగుడికీ పారకీ తేడా గొంతే. అయినా చేసుకుంది.

కొలాపో గడ్డం నిమురుకున్నాడు. "మాట గుడ్డు లాంటిదన్నారు పెద్దలు. కిందపడితే అతకదు."

"నా గుడ్డు నేను పడెయ్యలేదు. ఫోను పడేసింది."

"నానమ్మా, అయితే ఫోనుకి చేతులు మనమే పెడదాం," అంది మొరెనికే. "మన కీబోర్డు మనమే చేద్దాం. అంకెల వరస తీసేసి అక్కడ మూడు మీటలు పెడదాం. డొ, రె, మి. అక్షరం నొక్కు, దాని గొంతు నొక్కు. అంతే."

పిల్లలకి మేం గొంతు నేర్పేది అలాగే, కిందిది డొ, మధ్యది రె, పైది మి. డిగ్రీలు చదివిన ఇంతమందికి ఇన్నేళ్ళుగా ఈ ఊహ ఎందుకు రాలేదని అడిగాను. "మీలా ఎవరూ ఫోను బల్ల మీద విసరలేదు," అన్నాడు కొలాపో.

మే 16

ఇది భాష కోసం. ఇబిదున్ కోసం కాదు. రాసి పెట్టుకుంటున్నాను.

మే 21, శనివారం

మొరెనికే నాకు ఆ ఫైలు చూపించింది, ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో రాసి ఉండేది. మామూలు రాతే. నేను అదేదో గ్రహాంతరవాసుల భాష అనుకున్నాను. కామా ఒకటి మరిచిపోతే మొత్తం పడుకుంటుంది, ఎందుకు పడుకుందో చెప్పదు. నాకు వెంటనే నచ్చింది. ఇన్నాళ్ళకి నాలాంటి టీచరు ఒకటి దొరికింది.

రోజంతా కూర్చుని అచ్చుల పట్టిక మొత్తం నేనే రాశాను. కింద చుక్క ఉన్నవి, లేనివి, ఒక్కోదానికి మూడు గొంతులు. మొరెనికే వెనక నుంచి చూసి, "నానమ్మా, నీకు చూపు బాగానే ఉందే. మరి నిన్న బియ్యంలో రాళ్ళు నన్నెందుకు ఏరమన్నావు?" అంది.

అది వేరే చూపు.

మే 28, శనివారం

టోపీలు జారుతున్నాయి. కింద చుక్కా పైన గొంతూ రెండూ ఒకే అక్షరానికి పెడితే, పైనున్న గీత పక్క అక్షరం నెత్తి మీదికి పోతోంది. పండగలో తాగినవాడి టోపీలాగా. చెరిపే మీట ఒకసారి నొక్కితే టోపీ పోతుంది, రెండోసారి నొక్కితే తల పోతుంది. కొలాపో నాలుగు గంటలు కుస్తీ పట్టాడు. మధ్యలో నేను అలసంద పిండితో అకారా వడలు వేయించి పెట్టాను, నూనె చేతులతో మీటలు ముట్టుకుంటే వేళ్ళు విరుస్తానని చెప్పి మరీ పెట్టాను.

సాయంత్రానికి టోపీ నిలిచింది. కొలాపో మొదటిసారి రాసిన మాట తన తల్లి పేరు. అన్ని గుర్తులతో. ఎవరూ జోకు వెయ్యలేదు.

జూన్ 2

అదున్నితో మాట్లాడాను, వేరే పని మీద. మాటలో మాటగా అమ్మ మాత్రలు వేసుకుంటోందా అని అడిగాను.

"తెలీదు ఆంటీ. డబ్బా నాకు చూపించదు. నిన్న మెట్ల మీద కళ్ళు తిరిగాయంది."

కీబోర్డులో ఎస్ కింద చుక్క కుదిరింది.

అబెయోకుటా గంటన్నర ప్రయాణం. బస్సులో నా నడుం పట్టేస్తుంది. లేకపోతే వెళ్ళేదాన్నే.

జూన్ 4, శనివారం

కీబోర్డు మొదట నా ఫోనులోనే ఎక్కిస్తామన్నారు. ఎక్కించే ముందు కొలాపో ఫోను లోపలి అమరికలన్నీ తిరగేశాడు. "హంతకి వేలిముద్రలు చూద్దాం టీచరమ్మా," అన్నాడు నవ్వుతూ. చూస్తూ చూస్తూ నవ్వు తగ్గించాడు.

"ఏమిటి?"

"ఏం లేదు టీచరమ్మా."

"లైబ్రరీలో పనిచేసేవాడివి, అబద్ధమైనా నెమ్మదిగా చెప్పడం రాదు. ఏమిటి?"

"ఈ ఫోనులో దిద్దే సదుపాయం... ఆటోకరెక్ట్... ఆపేసి ఉంది. కొన్న రోజు నుంచీ."

"నేనే ఆపాను నానమ్మా," అంది మొరెనికే మెల్లిగా. "నువ్వే ఆపమన్నావు. 'నన్ను దిద్దడానికి ఇదెవరు?' అన్నావు."

గదిలో ఏడుగురు ఉన్నారు, ఏడుగురూ తమ తమ స్క్రూడ్రైవర్ల వైపు చూసుకున్నారు.

"టీ చల్లారుతోంది, తాగండి," అన్నాను.

టీ ఇంకా పెట్టలేదు.

జూన్ 5, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. మోకాలు.

ఆ మెసేజ్ పెట్టిన రోజు కళ్ళజోడు పక్క గదిలో ఉంది. ఇది నిజం. పొయ్యి మీద బీన్స్ మాడుతున్నాయి. ఇదీ నిజం. చిన్నపిల్లాడి వేలికి చేసిన మీటల మీద నా బొటనవేలు మూడు అక్షరాలు ఒకేసారి నొక్కుతుంది, ఇదీ నిజమే.

పాత కీబోర్డులో కూడా గుర్తులున్నాయి. అక్షరం మీద వేలు నొక్కి పట్టుకుంటే పైకి వస్తాయి. నాకు తెలుసు. ఒక్కో అక్షరానికి రెండు సెకన్లు పడుతుంది. 'ఇబిదునే కదా, అర్థం చేసుకుంటుంది' అనుకున్నాను.

సరిగ్గా ఈ మాటకే పిల్లల్ని ఎండలో నిలబెట్టేదాన్ని. "టీచర్, మీకు అర్థమవుతుంది కదా" అనేవాళ్ళు. "నాకు అర్థమవడం నీ అదృష్టం, రాయడం నీ బాధ్యత" అనేదాన్ని. ఎంత గొప్పగా అనేదాన్నో.

ఒ నేనే మింగాను.

జూన్ 11, శనివారం

మొరెనికే మీటలకి శబ్దం పెట్టింది. పెద్దవాళ్ళకి తెర మీద చిన్న గీత కనబడదు కాబట్టి, డొ నొక్కితే డొ పలుకుతుంది, మి నొక్కితే మి. స్వరాలు ఎక్కడో ఉచితంగా దొరికిన పియానోవి. ఒక వాక్యం రాస్తే గదిలో కోడిపిల్లలు పరిగెత్తినట్టుంది.

కీబోర్డుని అందరికీ వదిలేశారు. కావలసినవాళ్ళు దింపుకోవచ్చు. కనబడిన లోపాలు రాయడానికి పక్కన ఒక పట్టిక కూడా తెరిచారు. సాయంత్రానికే పన్నెండు ఫిర్యాదులు. నేను వాటన్నిటిలో స్పెల్లింగు దిద్దబోతే నా చేతిలోంచి కంప్యూటర్ లాక్కున్నారు.

జూన్ 13, సోమవారం

ఇబిదున్‌కి మూడుసార్లు రాశాను.

మొదటిదాంట్లో బీన్స్ గురించి ఎక్కువైంది. రెండోదాంట్లో కళ్ళజోడు. మూడోది పంపాను:

"ఇబిదున్, మీ మరుదులు గోడలు కొలుస్తున్నారని నాకు తెలియదు. నీ మందు గురించి అడుగుదామనుకున్నాను. బద్ధకించి గుర్తులు పెట్టలేదు, ఒక అక్షరం కూడా తినేశాను. ఫోను తప్పని అదున్నితో చెప్పించాను. ఫోనుది కాదు, తప్పు నాది. మందు వేసుకుంటున్నావా?"

ప్రతి అక్షరానికీ గుర్తు పెట్టాను. నలభై నిమిషాలు పట్టింది, కోడిపిల్లలు అరుస్తూనే ఉన్నాయి. పంపేశాక దాని కింద మా కీబోర్డు దింపుకునే చిరునామా కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. ఈ గుంపుతో తిరిగి తిరిగి అలవాటైంది.

జూన్ 14

చదివింది. రెండు టిక్కులూ నీలం అయ్యాయి.

జూన్ 15

నీలంగానే ఉన్నాయి.

జూన్ 18, శనివారం

ఫిర్యాదులు నలభై అయ్యాయి. లేగోస్ నుంచి ఒకాయన రంగు మార్చమన్నాడు. ఇంకొకావిడ వాళ్ళ పాస్టరు పేరు దానంతటదే రావాలంది. అబెయోకుటా నుంచి ఏమన్నా వచ్చాయా అని మొరెనికేని అడిగాను, ఏ ఊళ్ళో ఎంతమంది వాడుతున్నారో తెలుసుకోవడం మంచిదని.

"ఊరు తెలీదు నానమ్మా."

మంచిదని మాత్రమే అన్నాను.

జూన్ 21, మంగళవారం

మొరెనికే భోజనం మధ్యలో ఫోను చూస్తోంది. అమలా ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అబ్బ, ఎవరో నలభై ఒకటో ఫిర్యాదు పెట్టారు, ఎంత పొగరో చూడు," అని చదివింది.

"'మీ డొ, రె బాగానే ఉన్నాయి. మి మాత్రం దిగిపోయి పలుకుతోంది. ఈ శ్రుతితో పిల్లలు మాట నేర్చుకుంటే ఆస్తికీ యుద్ధానికీ మధ్య ఎక్కడో వేలాడతారు. ఇంతమంది కూర్చుని చేశారు, చెవులున్న మనిషి ఒక్కరూ లేరా? వ్యాకరణం టీచర్లని నమ్ముకుంటే ఇంతే.'"

"పేరు?" అన్నాను.

"పేరు లేదు. కానీ నానమ్మా, ఇదిగో, ప్రతి అక్షరానికీ గుర్తు పెట్టారు. మన కీబోర్డుతోనే రాశారు. ఒక్క తప్పు లేదు."

నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళాను. నీళ్ళు బల్ల మీదే ఉన్నాయి. క్యాలెండరు ముందు కాసేపు నిలబడి వచ్చాను.

"జవాబు నేను రాస్తాను, ఇటు ఇయ్యి," అన్నాను.

"నానమ్మా, జనంతో మర్యాదగా రాయాలి, అందరికీ కనబడుతుంది."

మర్యాదగానే రాశాను: "ఫిర్యాదు అందింది. చెవులున్న మనిషి ఇక్కడ లేదు. మాకు తెలిసి ఒకే ఒక్కతి ఉంది, అది ఫోను ఎత్తదు."

పది నిమిషాలకి, మళ్ళీ అందరికీ కనబడేలా:

"శనివారం వస్తాను. అమలా నువ్వు చెయ్యకు, మొరెనికేని చెయ్యమను."

జూన్ 25, శనివారం

ఇబిదున్ వచ్చింది. నల్లబట్టల్లో సన్నబడింది. గుమ్మంలో నన్ను చూసి ముందు చేసిన పని, మా గేటు మీద ఇంటి పేరు రాసిన పలక చదవడం.

"దీని మీద గుర్తులు సరిగ్గానే ఉన్నాయి," అంది.

"నేను రాయించాను."

"అందుకే చూశాను. నమ్మకం పోయింది."

లోపలికి రానిచ్చాను. కొలాపో మళ్ళీ సాష్టాంగపడబోతే ఇద్దరం కలిసి అరిచాం. ఆవిడ కుర్చీలో కూర్చుని గది మొత్తం కలయజూసింది. విప్పేసిన ఫోన్లు, వైర్లు, నా ఎంబ్రాయిడరీ గుడ్డ మీద మచ్చలు.

"ఫెహింతోలా," అంది, పిల్లలందరూ వింటుండగానే. "యాభై ఏళ్ళు నన్ను దిద్దావు. ఒక్కసారి 'తప్పు నాది' అనడానికి నీకు ఏడుగురు మనుషులు, ఒక కొత్త కీబోర్డు కావలసి వచ్చాయా?"

"పాతదాంట్లో ఆ మాటకి గుర్తులు కుదరవు," అన్నాను.

ముందు కొలాపో నవ్వాడు. తర్వాత ఆవిడ. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నా చెయ్యి గిల్లింది, నిజంగానే గిల్లింది, ఇంకా ఎర్రగా ఉంది. గోడలు కొలిచిన మరుదుల గురించి అప్పుడు చెప్పింది. అదున్ని లాయరుని తీసుకొచ్చాక టేపు మడిచి జేబులో పెట్టుకున్నారట. చిన్నవాడు పోతూ పోతూ ఆయన వాచీ అడిగాడట.

"ఇచ్చావా?"

"ఆగిపోయిందని చెప్పాను. నడుస్తూనే ఉంది, నా చేతికే ఉంది, చూడు."

"మందు?" అన్నాను. నోటితోనే అన్నాను, గొంతు ఎక్కడ దించాలో అక్కడ దించి.

"మానేశాను. మూడు వారాలు. నీ మీద కోపంతో." పర్సులోంచి డబ్బా తీసి చూపించింది. "నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా బలం కావాలి కదా."

తర్వాత పనిలోకి దిగాం. మొరెనికే మైకు పెట్టింది. పియానో స్వరాలు తీసేసి, డొ, రె, మి ఇబిదునే పాడాలి. గదిలో అందరినీ ఊపిరి బిగబట్టమంది. మొదటిసారి పక్కింటి జనరేటరు. రెండోసారి కొలాపో కడుపు. మూడోసారి బాగా వచ్చిందని అందరం అనుకుంటే, "రె సిగ్గుపడుతోంది, మళ్ళీ," అంది. పద్నాలుగుసార్లు పాడింది. డెబ్భై మూడేళ్ళ గొంతు, మి దగ్గర గీతలా నిలబడింది.

జూన్ 27, సోమవారం

నలభై ఒకటో ఫిర్యాదు తీరిందని కొలాపో పట్టికలో గుర్తు పెట్టాడు. గంటలో ఇబిదున్ నలభై రెండోది పెట్టింది.

కొత్త శబ్దాలు నా ఫోనులోకి వచ్చాయి. ఇప్పుడు నేను ఏం రాసినా, ఒక్కో గుర్తుకీ ఇబిదున్ పలుకుతోంది. ఉల్లిపాయల జాబితా రాసినా పలుకుతోంది. ఇంట్లో ఉండలేకపోతున్నానని మొరెనికే చెవుల్లో దూది పెట్టుకుంది. శబ్దం ఎలా ఆపాలో నాకు రెండుసార్లు చూపించింది.

అది మాత్రం నా బుర్రకి ఎక్కడం లేదు.